పత్తి పువ్వు, పత్తి కట్టె, మధ్యలో ఒక గ్లూకోజు: నా ప్రాజెక్టు డైరీ

జనవరి 27

ప్రాజెక్టు టాపిక్ కాగితం ఇవ్వడానికి ఈ రోజే ఆఖరు. మా ఎమ్మెస్సీ బ్యాచ్‌లో సగం మంది 'ఫలానా ఆకు రసానికి బ్యాక్టీరియా చస్తుందా' అని రాసిచ్చేశారు. తప్పేం లేదు, మూడు వారాల్లో తేలిపోతుంది. నాకు మాత్రం దసరా సెలవుల నుంచి ఒకటే బుర్రలో తిరుగుతోంది.

అప్పుడు నర్సంపేట దగ్గర మా ఊరికి పోయి నాయినతో చేనుకు వెళ్లాను. ఒకే పత్తి కొమ్మకు పక్కపక్కన రెండు పూలు. ఒకటి వెన్న రంగులో అప్పుడే విచ్చింది. ఇంకోటి గులాబీ రంగుకు తిరిగి ముడుచుకుంటోంది. "ఇది ఇయ్యాల్టిది, అది నిన్నటిది" అన్నాడు నాయిన. ఒక్క రాత్రిలో అంత రంగు ఎక్కడి నుంచి వచ్చింది? సాయంత్రం ఇంటికొస్తే అవ్వ నిరుటి పత్తి కట్టె పొయ్యిలో పెట్టి చారు కాస్తోంది. అది విరిస్తే విరగదు, మండితే బొగ్గులా మండుతుంది. అంత గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్.

ఆ గులాబీ రంగుకూ ఈ గట్టిదనానికీ పుట్టిల్లు ఒకటే. రెండూ ఫినైల్అలనిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం నుంచే మొదలవుతాయి. కొంతదూరం కలిసి నడిచి, పి-కౌమరాయిల్ కోఎ అనే మజిలీ దగ్గర విడిపోతాయి. ఒక దారి ఆంథోసయనిన్ రంగులకు, ఒక దారి లిగ్నిన్‌కు. విడిపోయాక కూడా రెండు దారుల్లోనూ ఒకే వంశం ఎంజైములు కూర్చుని ఉంటాయి. వచ్చిన అణువుకు ఒక చక్కెర అంటించి పంపుతాయి. వాటి పేరు యూడీపీ-గ్లైకోసైల్ ట్రాన్స్‌ఫరేజులు. డైరీలో ఇన్నిసార్లు రాయలేను, ఇక నుంచి యూజీటీ.

రంగు దారిలోది ఒకటి, లిగ్నిన్ దారిలోది ఒకటి తీసుకుని, చక్కెర పడితే అణువు నడవడిక ఎలా మారుతుందో మామూలు కంటితో చూపించాలి. ఇదీ నేను రాసిచ్చిన టాపిక్. మేడం చదివి, "హెచ్‌పీఎల్‌సీ లేకుండానా?" అన్నారు. అది మిశ్రమంలోని అణువుల్ని విడదీసి కొలిచే యంత్రం. మన దగ్గర ఉన్నది చెడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. అందుకే 'కంటితో' అని రాశాను మేడం అన్నాను. సంతకం పెట్టారు.

ఫిబ్రవరి 6

వారమంతా చదువుడే. ఎంచుకున్నవి రెండూ అరాబిడాప్సిస్ అనే ఆవజాతి కలుపు మొక్కవి. ఆ చిన్న మొక్కలోనే యూజీటీ జన్యువులు వందకు పైగా ఉన్నాయి. యూజీటీ78డీ2 ఫ్లేవొనాల్‌కూ (పూలలో ఉండే ఒక రకం పసుపు పదార్థం), ఆంథోసయనిడిన్‌కూ (చక్కెర ఇంకా పడని ఆంథోసయనిన్) 3వ స్థానంలో గ్లూకోజు పెడుతుంది. యూజీటీ72ఈ2 కోనిఫెరిల్ ఆల్కహాల్ లాంటి లిగ్నిన్ ఇటుకలకు 4వ స్థానంలో పెడుతుంది. కోనిఫెరిల్ ఆల్కహాల్‌కు చక్కెర పడితే అది కోనిఫెరిన్.

రెండు ప్రొటీన్ల వరుసలు పక్కపక్కన పేర్చి చూశాను. మొదటి సగంలో పెద్దగా పోలికల్లేవు. ఆ సగమే పట్టుకోవాల్సిన అణువును ఎంచుకుంటుంది, పోలిక లేకపోవడంలో వింత లేదు. చివరికొచ్చేసరికి 44 అక్షరాల (ఒక్కో అక్షరం ఒక అమైనో ఆమ్లం) ఒక ముక్క రెండింట్లోనూ దాదాపు ఒకేలా కనిపించింది. మొక్కల యూజీటీలన్నింటికీ అది ఇంటి పేరు లాంటిది. యూడీపీ-గ్లూకోజును, అంటే ఎంజైము అందుకునే రూపంలో ఉన్న గ్లూకోజును, పట్టుకునే చెయ్యి అదే. ఆ ముక్కలో చివరి అక్షరం గ్లుటమిన్ అయితే సాధారణంగా గ్లూకోజు పెట్టేది, హిస్టిడిన్ అయితే గాలక్టోజు పెట్టేది. నా రెండింట్లోనూ గ్లుటమినే. కంప్యూటర్ ముందు కూర్చుని వేలితో లెక్కపెట్టుకున్నాను, 44వది దొరికినప్పుడు పండగలా అనిపించింది.

చక్కెర ఎందుకు అంటే, రంగు విషయంలో జవాబు తేలిక. చక్కెర లేని ఆంథోసయనిడిన్ కణంలో నిలకడగా ఉండదు. చక్కెర పడితే నీళ్లలో కరుగుతుంది, నిలుస్తుంది, కణం మధ్యలో ఉన్న రసపు సంచిలోకి చేరుతుంది. మొక్కజొన్నలో ఈ ఎంజైము పనిచేయకపోతే గింజ ఊదా రంగుకు బదులు కంచు రంగులో వస్తుంది. ఆ జన్యువుకు బ్రాంజ్ అనే పేరే పెట్టారు. 1983లో నోబెల్ అందుకున్న బార్బరా మెక్‌క్లింటాక్ ఎగిరే జన్యువుల మీద చేసిన పనిలో ఈ కంచు గింజలకూ పాత్ర ఉంది. ద్రాక్షలో తెల్లవాటికి ఎరుపు లేకపోవడానికి కారణం కూడా ఇక్కడే తేలుతుంది. ఈ ఎంజైము జన్యువును తట్టిలేపే స్విచ్చు వాటిలో చెడిపోయింది.

లిగ్నిన్ వైపు అంత సులభం కాదు. దాని సంగతి తర్వాత.

ఫిబ్రవరి 8

ఒక చిన్న ముచ్చట. పత్తి పూల రంగులు అని వెతుకుతుంటే 1930ల నాటి పేపర్లు బయటపడ్డాయి. రాసింది కె. నీలకంఠం, టి.ఆర్. శేషాద్రి, ఊరు వాల్తేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కూర్చుని వాళ్లు పత్తి పూలలోంచి గాసిపెటిన్ అనే ఫ్లేవొనాల్‌నూ, దానికి గ్లూకోజు అంటుకున్న రూపాలనూ విడదీసి చూశారు. శేషాద్రి అంతకుముందు మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు, ఆ రాబిన్సన్‌కు 1947లో నోబెల్ వచ్చింది. హెచ్‌పీఎల్‌సీ లేదని ఏడ్చే ముందు ఇది చదవాల్సింది. వాళ్లకు అసలు కాగితపు క్రొమటోగ్రఫీ కూడా ఇంకా రాలేదు.

ఫిబ్రవరి 19

రెండు జన్యువులు ఆర్డరు పెట్టినవి హైదరాబాద్ నుంచి కొరియర్‌లో వచ్చాయి. ఒక్కోటి సుమారు 1,400 అక్షరాలు, పెట్-28ఎ అనే ప్లాస్మిడ్‌లో (జన్యువును బ్యాక్టీరియాలోకి మోసుకెళ్లే డీఎన్ఏ ఉంగరం) కూర్చోబెట్టి పంపారు. గొట్టం అడుగున ఎండిపోయిన డీఎన్ఏ కంటికి కనిపించను కూడా కనిపించదు. ఇంత డబ్బు పోసి ఖాళీ గొట్టం కొన్నామా అని నా ప్రాజెక్టు పార్ట్‌నర్‌కు డౌటు.

బ్యాక్టీరియాలోకి ఎక్కించడం ఈ రోజే చేశాం. మంచులో అరగంట, 42 డిగ్రీల నీళ్లలో 45 సెకన్లు, మళ్లీ మంచులో. ప్లాస్మిడ్ లేని కణాల్ని చంపే కనామైసిన్ మందు ఉన్న ప్లేట్ల మీద పరిచి 37 డిగ్రీల్లో పెట్టాం.

ఫిబ్రవరి 20

ప్లేట్లు అద్దంలా ఉన్నాయి. ఒక్క కాలనీ లేదు. కారణం వెతికితే, మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు డీప్ ఫ్రీజర్ ఇన్వర్టర్ మీద లేదని తేలింది. కణాలన్నీ కరిగి చచ్చాయి. కొత్తవి కాల్షియం క్లోరైడ్‌తో మేమే తయారు చేసుకోవాలి, రెండు రోజులు పోతాయి.

ఫిబ్రవరి 24

కాలనీలు వచ్చాయి. 78డీ2కి ముప్పై దాకా, 72ఈ2కి పదకొండు. చాలు.

మార్చి 1, ఆదివారం

హోలీ దగ్గరికొచ్చింది, ఊర్లో ఉన్నాను. చేను గట్టున మోదుగు చెట్లు ఆకు లేకుండా ఒళ్లంతా పూసి నిప్పంటుకున్నట్టున్నాయి. చిన్నప్పుడు ఈ పూలు ఉడకబెట్టి పిచికారీల్లో పోసుకునేవాళ్లం. అవ్వ అందులో చిటికెడు సున్నం వేసేది, నీళ్లు పసుపు నుంచి కాషాయానికి మారేవి. అది చూడడానికే పిల్లలం పొయ్యి చుట్టూ మూగేవాళ్లం.

ఇప్పుడు అర్థమవుతోంది. మోదుగు పువ్వులో బ్యూట్రిన్, ఐసోబ్యూట్రిన్ ఉంటాయి. రెండూ చక్కెర అంటుకున్న అణువులే, ఒక్కోదానికి రెండేసి గ్లూకోజులు. సున్నం క్షారం కాబట్టి అణువు మీద మిగిలిన ఫినాల్ నుంచి హైడ్రోజన్‌ను లాగేస్తుంది, దాంతో రంగు చిక్కబడుతుంది. అవ్వకు చెప్పబోయాను. "సున్నమేస్తే ఎర్రగైతది బిడ్డా, అది మా అమ్మమ్మకే తెలుసు" అంది.

ఒక సంచి నిండా పూలు తెచ్చుకున్నాను. ఎంజైము పని మొదలయ్యే లోపు, చక్కెర ఉన్నదీ లేనిదీ కాగితం మీద ఎలా తేడాగా నడుస్తాయో చేతికి అలవాటు చేసుకోవాలి.

మార్చి 4

మోదుగు కషాయం రెండు భాగాలు చేశాను. ఒక భాగం అలాగే ఉంచాను. రెండోదానిలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి గంటసేపు వేడినీళ్ల తొట్టిలో ఉడికించాను. ఆమ్లం, వేడి కలిస్తే చక్కెర ఊడిపోతుంది. వాట్‌మన్ కాగితం మీద రెండు చుక్కలు పెట్టి బ్యూటనాల్, ఎసిటిక్ ఆమ్లం, నీళ్లు 4:1:5 పాళ్లలో కలిపి, తేరుకున్న పై పొరలో నిలబెట్టాను. బ్యూటనాల్ వాసనకు ల్యాబ్‌లో అందరికీ తలనొప్పి.

ఏడు గంటల తర్వాత చూస్తే, ఉడకబెట్టనిది కింది సగంలోనే ఆగింది. ఉడకబెట్టినది పైకి ఎగబాకి ద్రావకం అంచు దగ్గర కూర్చుంది. చక్కెర నీళ్లంటే ఇష్టపడుతుంది, కాగితం తనలో పట్టి ఉంచిన నీళ్లను వదలదు. చక్కెర పోయిన అణువుకు ఆ బంధం లేదు, బ్యూటనాల్‌తో కలిసి లేచిపోతుంది. అమ్మోనియా సీసా మూత తీసి పైన పట్టుకుంటే పై చుక్క ఎర్ర నారింజ రంగుకు తిరిగింది.

అతినీలలోహిత దీపం కావాలి. ల్యాబ్‌ది పగిలిపోయింది. హన్మకొండ చౌరస్తా దగ్గర షాపులో దొంగనోట్లు చూసే చిన్న లైటు కొన్నాను, దాని వెలుగు మాకు కావాల్సిన 365 నానోమీటర్ల దగ్గరిదే. చీకట్లో దానితో కాగితాలు చూస్తుంటే అటెండర్ అన్న తలుపు తీశాడు. "ఏంది చెల్లె, కాలేజీల దొంగనోట్లు ఏరుతున్నరా?"

మార్చి 12

మొదటి ప్రొటీన్ జెల్. 37 డిగ్రీల్లో పెంచి, జన్యువును పనిలోకి దింపే ఐపీటీజీ అనే మందు పోసి నాలుగు గంటలు ఉంచాం. నీలం రంగు కడిగాక 50 కిలోడాల్టన్ల బరువు దగ్గర లావుపాటి పట్టీ కనిపించింది. ఎగిరి గంతేశాం. తర్వాత మేడం వచ్చి, "అది ఏ గడి?" అన్నారు. కణాలు పగలగొట్టి తిప్పాక అడుగున దిగిన మడ్డి గడి. పైన తేరిన ద్రవం గడిలో ఏమీ లేదు. అంటే బ్యాక్టీరియా ప్రొటీన్ తయారు చేసింది గాని సరిగా మడతపెట్టలేదు. ఎసరు ఎక్కువై అన్నం ముద్దకట్టినట్టు అంతా ఒకచోట గడ్డకట్టింది. మడత లేని ఎంజైముకు పని రాదు.

దీనికి తెలిసిన మందు ఒకటే: చల్లగా, నెమ్మదిగా పెంచడం. 16 నుంచి 18 డిగ్రీలు. ఫ్లాస్కులు ఊపుతూ పెంచే మా షేకర్‌కు వేడి చేయడం తప్ప చల్లబరచడం రాదు.

మార్చి 20

వారం రోజుల ప్రయత్నాలు టూకీగా. ఫ్రిజ్‌లో ఫ్లాస్కు పెడితే 6 డిగ్రీలకు పోయి కణాలు కదలనే లేదు. థర్మకోల్ డబ్బాలో మంచు సీసాలు పెడితే రెండు గంటలకోసారి మార్చాలి, రాత్రి ఎవరు మారుస్తారు? చివరికి సెమినార్ హాల్ పక్కన సూక్ష్మదర్శినుల గదికి ఏసీ ఉందని గుర్తొచ్చింది. షేకర్ ఇద్దరం మోసుకెళ్లి అందులో పెట్టి, ఏసీ 16 మీద ఉంచి, తలుపు సందులకు పాత దుప్పటి కుక్కాం. తెల్లారి థర్మామీటరు 20 చూపించింది. ఐపీటీజీ పదోవంతుకు తగ్గించాం.

ఈసారి పైన తేరిన ద్రవంలో సన్నటి పట్టీ ఉంది, రెండు ఎంజైములకూ. లావుపాటిది కాదు. అయినా ఉంది.

మార్చి 27

ఇప్పుడు అసలు ఖర్చు. ఎంజైము శుద్ధి చేసి పరీక్షించాలంటే యూడీపీ-గ్లూకోజు కొనాలి. మామూలు గ్లూకోజు దీనికి పనికిరాదు. యూడీపీ అనే తోక తగిలించి గ్లూకోజును రైలెక్కడానికి సిద్ధం చేస్తేనే యూజీటీ అందుకుంటుంది. ఆ తోక సంగతి బయటపెట్టిన అర్జెంటీనా శాస్త్రవేత్త లూయీ లెలువార్‌కు 1970లో నోబెల్ ఇచ్చారు. కొటేషన్ చూసి మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆవిడే దారి చెప్పారు. మేం వాడే బ్యాక్టీరియా ఈ.కోలై తన అవసరాలకు యూడీపీ-గ్లూకోజు తనే తయారు చేసుకుంటుంది. మనం కొనడం ఎందుకు? ఎంజైము ఉన్న బతికున్న కణాలకే క్వెర్సెటిన్ అనే ఫ్లేవొనాల్ పోస్తే, అది లోపలికి పోయి చక్కెర తగిలించుకుని బయటి నీళ్లలోకి వస్తుంది. ఈ పద్ధతి వేరేచోట్ల చేసి చూపించినదే. కణాన్ని పగలగొట్టే పని కూడా తప్పుతుంది. మరి జెల్‌లో సన్న పట్టీ కోసం పది రోజులు ఎందుకు ఏడ్చాం అంటే, ఆ పట్టీ లేకపోతే ఇదీ లేదు.

ఏప్రిల్ 2

క్వెర్సెటిన్ పసుపు పొడి. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, లీటరుకు 100 మైక్రోమోల్ వచ్చేలా ఫ్లాస్కులో పోశాం. 24 గంటల తర్వాత పసుపు పోయింది! 3వ స్థానంలో చక్కెర పడితే క్వెర్సెటిన్ పసుపు తగ్గాలి. స్పెక్ట్రోలో (ద్రవం ఏ వెలుగును ఎంత మింగుతుందో కొలిచే యంత్రం) 370 నానోమీటర్ల దగ్గరుండే శిఖరం 355 దగ్గరికి జరగాలి. నా పార్ట్‌నర్ ఇంటికి ఫోన్ చేసి 'అయిపోయింది' అని కూడా చెప్పేసింది.

సాయంత్రం మేడం ఒక్క ప్రశ్న అడిగారు. "ఖాళీ ప్లాస్మిడ్ ఫ్లాస్కు ఏ రంగులో ఉంది?" అంటే మా జన్యువు లేని ప్లాస్మిడ్ ఎక్కించిన కణాలది.

పోయి చూశాం. అందులోనూ పసుపు పోయింది. గోధుమ రంగు. గాలి తగిలే నీళ్లలో, అందులోనూ పీహెచ్ 7 దాటితే క్వెర్సెటిన్ దానంతట అదే ఆక్సీకరణ చెంది పాడవుతుంది. మేం చూసి సంబరపడ్డది ఆ చావునే. స్పెక్ట్రోలో చూస్తే రెండు ఫ్లాస్కుల్లోనూ శిఖరం జరగలేదు, కుంగిపోయింది. నా పార్ట్‌నర్ మళ్లీ ఫోన్ చేయలేదు, 'ఇంకో వారం' అని మెసేజ్ పెట్టింది.

ఏప్రిల్ 11

మార్పులు: పీహెచ్ 6.5కి దించాం, కొద్దిగా విటమిన్ సి కలిపాం, 1 శాతం గ్లూకోజు పోశాం, క్వెర్సెటిన్ ఒకేసారి కాకుండా నాలుగు వాయిదాల్లో ఇచ్చాం. మాయమైందా అన్నది ఇక లెక్కలోకి తీసుకోవద్దని నిర్ణయం. కొత్తది ఏం వచ్చిందో అదే చూడాలి.

కాగితం మీద నాలుగు చుక్కలు. ఒకటి: స్వచ్ఛమైన క్వెర్సెటిన్. రెండు: ఖాళీ ప్లాస్మిడ్ ఫ్లాస్కు. మూడు: 78డీ2 ఫ్లాస్కు. నాలుగు: ఉల్లిగడ్డ రసం. ఉల్లి ఎందుకంటే, దాంట్లో కూడా క్వెర్సెటిన్‌కు గ్లూకోజు అంటుకునే ఉంటుంది, కానీ వేరే చోట. ఉల్లిగడ్డ ముఖ్యంగా 4-ప్రైమ్ స్థానంలో పెడుతుంది, 3వ స్థానం ఖాళీగా ఉన్నవీ అందులో బాగా ఉంటాయి. దొంగనోట్ల లైటు కింద 3వ స్థానం ఖాళీగా ఉన్న ఫ్లేవొనాల్ నిమ్మపండు పసుపులో వెలుగుతుంది. అక్కడ చక్కెర కూర్చుంటే వెలుగు ఆరిపోయి ముదురు ఊదాగా, మసకగా కనిపిస్తుంది. చక్కెర పడిందా అన్నదే కాదు, ఎక్కడ పడిందన్నదీ అరవై రూపాయల ఉల్లిగడ్డలతో తేలుతుంది.

రాత్రి తొమ్మిదికి లైట్లన్నీ ఆపి చూశాం. మొదటి చుక్క పైన పసుపుగా మండుతోంది. రెండోది కూడా అక్కడే, కాస్త నీరసంగా. నాలుగోది, ఉల్లిది, కిందికి దిగి పసుపుగానే వెలుగుతోంది. మూడో గడిలో పైన పసుపు కొద్దిగా మిగిలింది, దాని కింద వేలి గోరంత నల్ల ఊదా మచ్చ. అటూ ఇటూ వెలుగుతున్న చుక్కల మధ్య అక్కడొక రంధ్రం పడినట్టుంది. అమ్మోనియా సీసా మూత తీసి పట్టుకున్నాను. రంధ్రంలోంచి పసుపు పచ్చ వెలుగు మెల్లగా లేచింది, గాలికి అమ్మోనియా పోగానే మళ్లీ ఆరింది. ఆరేడు సార్లు అదే పని చేశాం, మందు కంపు మూలంగా కళ్లలో నీళ్లు. అమ్మోనియాకే అని రాస్తున్నాను.

ఆ మచ్చ కత్తిరించి ఆమ్లంలో ఉడికిస్తే మళ్లీ క్వెర్సెటిన్ వచ్చింది. స్పెక్ట్రో శిఖరం 356.

ఏప్రిల్ 19

ఊరికి పోయేటప్పుడు ఏనుమాముల మార్కెట్ మీదుగా బస్సు. మిర్చి బస్తాల ఘాటుకు బస్సంతా దగ్గుతోంది. చపాటా మిర్చి అంత ఎర్రగా ఉంటుంది కదా, దాని మీద ప్రాజెక్టు చేయాల్సింది అన్నాడు పక్క సీటులో మా ఊరి అన్న ఒకాయన. అది వేరే వంశం అన్నా, మిరపలో ఎరుపు కాప్సాంథిన్ అనే కెరొటినాయిడ్, దానికి చక్కెర కాదు, కొవ్వు ఆమ్లాలు అంటుకుంటాయి, అందుకే నూనెలో దిగుతుంది, నీళ్లలో దిగదు అన్నాను. "అందుకేనా తొక్కుల నూనె ఎర్రగుంటది" అన్నాడు. ఇప్పటిదాకా నాకు దీనికంటే మంచి వైవా జరగలేదు.

ఏప్రిల్ 28

ఇక లిగ్నిన్ సగం. పత్తి కట్టెను బ్లేడుతో పలచగా కోసి ఫ్లోరోగ్లూసినాల్, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేశాను. కట్టె భాగమంతా మందారం రంగుకు తిరిగింది, నడుమ మెత్తటి బెండు తెల్లగానే ఉంది. ఆ ఎరుపు ఉన్నంత మేర లిగ్నిన్.

లిగ్నిన్ కట్టే తీరు ఇల్లు కట్టినట్టు ఉండదు. కోనిఫెరిల్ ఆల్కహాల్ లాంటి ఇటుకల్ని కణం గోడలోకి వదిలితే, పెరాక్సిడేజు, లాకేజు అనే ఎంజైములు వాటి ఫినాల్ మీద నుంచి హైడ్రోజన్ లాక్కుంటాయి. మిగిలిన రాడికల్స్ దొరికినదాన్ని దొరికినట్టు అతుక్కుంటాయి. అంటే ఆ ఫినాల్ మీదే మొత్తం ఆధారపడి ఉంది. దాని మీద గ్లూకోజు కూర్చోబెడితే పెరాక్సిడేజుకు పట్టు దొరకదు. యూజీటీ72ఈ2 పని అదే.

మరి మొక్క ఇటుకకు మూత ఎందుకు పెడుతుంది? పైన్ జాతి చెట్లలో కట్టె తయారయ్యే పొర దగ్గర కోనిఫెరిన్ దండిగా ఉంటుంది. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ దాన్నుంచే వెనిలిన్ తయారు చేశారు. ఐస్‌క్రీమ్ వాసనకు కృత్రిమ దారి మొదలైంది ఒక చెట్టు రసంలో ఉన్న చక్కెర అణువుతో. చాలాకాలం ఇది ఇటుకల్ని మోసుకెళ్లే బండి అనుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది దీన్ని గోదాము అంటున్నారు. నాకూ గోదామే నచ్చింది. విడి కోనిఫెరిల్ ఆల్కహాల్ కణానికి విషం లాంటిది, అవసరం లేనప్పుడు చక్కెర తాళం వేసి పక్కన పెట్టాలి. 2016లో యూజీటీ72బీ1 అనే దగ్గరి చుట్టం లేని మొక్కల్ని చూస్తే, లేత కాండంలో రాకూడని చోట లిగ్నిన్ వచ్చింది, దానితోపాటు ఆంథోసయనిన్ కూడా పేరుకుంది. నా రెండు దారులూ ఒక్క ఎంజైము పోవడంతో కదిలాయి. జనవరిలో ఇది చదివుంటే టాపిక్ కాగితం రెండు లైన్లలో అయిపోయేది.

మే 9

ప్లాను: 72ఈ2 కణాలకు కోనిఫెరిల్ ఆల్కహాల్ పోసి కోనిఫెరిన్ చేయించాం (సిలికా ప్లేటు మీద కింద కొత్త చుక్క వచ్చింది, ఖాళీ ప్లాస్మిడ్‌కు రాలేదు, ఈసారి మొదటే చూశాం). ఆ చుక్కను గీకి తీసి కరిగించాను. ఇప్పుడు దానికి నిజంగా తాళం పడిందా అని చూడాలి.

పెరాక్సిడేజు కొనలేదు. ముల్లంగి తురిమి పిండి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పై రసం తీసుకున్నాం. మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ పలుచన చేశాం. గ్వాయకాల్ చుక్కతో పరీక్షిస్తే పది సెకన్లలో ఇటుక రంగు వచ్చింది, ముల్లంగి బలంగానే ఉంది. తాళం చెవికి బాదం పప్పు. బాదంలో గ్లూకోజును ఊడదీసే ఎంజైము ఉంది, 1837లోనే లీబిగ్, వోలర్ దానికి ఎమల్సిన్ అని పేరు పెట్టారు. తర్వాత హైడెల్‌బర్గ్‌లో ఫ్రాయిడెన్‌బర్గ్ ఇలా కోనిఫెరిన్‌ను విప్పి గొట్టంలో లిగ్నిన్ లాంటిది చేసి చూపించాడు. మాది ఆయన ప్రయోగానికి వంటింటి నకలు.

గొట్టం 1: కోనిఫెరిల్ ఆల్కహాల్, ముల్లంగి, పెరాక్సైడ్. రెండు నిమిషాలకు మబ్బు పట్టింది, పది నిమిషాలకు పలచటి మజ్జిగ.

గొట్టం 2: కోనిఫెరిన్, ముల్లంగి, పెరాక్సైడ్. గంటైనా మంచినీళ్లలా ఉంది.

గొట్టం 3: అదే, పైన బాదం రసం. పోసీ పోయగానే తెల్లగా అయింది. అరిచాను.

గొట్టం 4: కోనిఫెరిన్ లేకుండా మిగతావన్నీ. అదీ తెల్లగా అయింది.

నోరు మూసుకున్నాను. పీహెచ్ 5 బఫరులో బాదం ప్రొటీన్లు పాలు విరిగినట్టు విరిగాయి, అంతే. ఏప్రిల్ 2 నుంచి నేర్చుకున్నది ఏమైనా ఉంటే అది నాలుగో గొట్టం పెట్టడమే, లేకపోతే ఈ పాటికి ఫోటో గ్రూపులో పెట్టేదాన్ని.

మే 16

బయట 43 డిగ్రీలు. బాదం రసాన్ని ముందే పీహెచ్ 5కి తెచ్చి, విరిగిందంతా సెంట్రిఫ్యూజ్‌లో దింపేసి, పైన తేటను మాత్రమే వాడాను. ఎంజైము చాలావరకు తేటలోనే మిగిలినట్టుంది.

మళ్లీ నాలుగు గొట్టాలు. కిటికీకి నల్ల కాగితం ఆనించి దాని ముందు వరసగా నిలబెట్టాను. మొదటిది పోయిన వారంలాగే మజ్జిగ. రెండోది తేట. మూడు, నాలుగు కూడా తేటగానే ఉన్నాయి. ఇరవై నిమిషాలు. నలభై. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. అటెండర్ అన్న కూడా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. యాభై నిమిషాల ప్రాంతంలో మూడో గొట్టం వెనక నల్ల కాగితం అంచు మసకబారింది. నాకే అలా అనిపిస్తోందా అని అన్నను అడిగితే, "మూడోది మబ్బు వట్టింది చెల్లె, నాలుగోది నిమ్మళంగున్నది" అన్నాడు. గంటన్నరకు మూడోది తెల్లగా తిరిగి, అడుగున పొగలాంటి మడ్డి దిగడం మొదలైంది. నాలుగోది అలాగే ఉంది. మడ్డి తీసి ఎండబెట్టి ఫ్లోరోగ్లూసినాల్ వేస్తే లేత గులాబీ వచ్చింది, కట్టెలో వచ్చినంత ముదురు కాదు.

ఇదే పరీక్ష ఇంకా రెండు సార్లు చేయాలి, ఒక్కసారి వచ్చిందాన్ని మేడం రాయనివ్వరు. మృగశిరకు నాయిన విత్తనాలు పెడతాడు, పూత వచ్చాక తెల్ల పూలు, గులాబీ పూలు విడివిడిగా కోసి మంచు డబ్బాలో తెమ్మన్నారు. అప్పటికి నా సర్టిఫికెట్ వచ్చేసి ఉంటుంది, అయినా తెస్తానన్నాను.

బాదం పప్పు 140 రూపాయలు, ముల్లంగి 20. బిల్లులు అతికించాను. ఉల్లిగడ్డల బిల్లు దొరకలేదు.